గోరింటకు చెప్పిన లోతు

అనగనగా ఒక కొండ, ఆ కొండ చుట్టూ చీమ దూరనంత అడవి, అడవికి అవతల మూడు గూడేలు. ఆ గూడేలకు మందులు మోసేవాడు బయ్యన్న. నిజానికి మోసేది అతను కాదనుకోండి, అతని గుర్రం. ఒళ్ళంతా గోరింటాకు పండినట్టు ఎర్రగా ఉండేదని దానికి గోరింట అని పేరు పెట్టుకున్నాడు. పిల్లగా ఉన్నప్పటినుంచి తన చేత్తో గడ్డి తినిపించి పెంచాడు. ఆ రోజుల్లో జంతువులు మాట్లాడేవి, మనుషులు వినేవాళ్ళు. ఇప్పుడూ మాట్లాడతాయేమో, మనకే వినే ఓపిక లేదు.

ఒక ఎండాకాలం అడవి అంటుకుంది. పొగకు స్పృహ తప్పి బయ్యన్న గోరింట మెడ మీద వాలిపోయాడు. గోరింట ఆగలేదు. నిప్పురవ్వలు కళ్ళలో పడుతున్నా అతన్ని జారిపోనివ్వకుండా మోసుకుంటూ బయటపడింది. అతను బతికాడు. దాని రెండు కళ్ళూ పోయాయి.

ఊళ్ళో తలా ఒక మాట అన్నారు. గుడ్డి గుర్రంతో ఏం చేసుకుంటావు, అడవిలో వదిలేసి రమ్మన్నారు. బయ్యన్న గోరింట నుదుటి మీద చెయ్యి వేశాడు.

"నా కళ్ళు రెండున్నాయి తల్లీ. ఇద్దరికీ సరిపోతాయి" అన్నాడు.

అప్పటినుంచి అతను వీపు మీద కూర్చుని దారి చెప్పేవాడు. ఇక్కడ రాయి, ఇక్కడ గుంత, ఇక్కడ కొమ్మ, తల వంచు. అతను చెప్పడమే ఆలస్యం, గోరింట అడుగు వేసేది. అలా మూడేళ్ళు ఒక్కసారి కూడా తడబడలేదు.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. పై గూడెంలో ముగ్గురు పిల్లలు జ్వరంతో కళ్ళు తెరవడం లేదని కబురొచ్చింది. వైద్యుడు మందుల మూట కట్టిచ్చి, పొద్దుగూకేలోగా చేర్చమన్నాడు. తీరా వెళ్తే దారిలో వాగు పొంగి ఉంది. గోరింట ఒడ్డున ఆగి ఎంత లోతని అడిగింది. నీళ్ళు దాని ఛాతీ దాకా వచ్చేలా ఉన్నాయి. ఆ మాట చెబితే బెదిరి ఆగిపోతుందేమో, పిల్లలకు మందు అందదేమో అని బయ్యన్న నీళ్ళు నమిలాడు. పక్కనే బండ మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకి ఇదంతా చూసింది. ఎగిరొచ్చి అతని చెవి దగ్గర వాలింది.

"దానికి కనబడదు కదా. మోకాలి లోతని చెప్పు. దాటాక ఎవరడుగుతారు?" అంది.

తొందరలో ఉన్నవాడికి చెడ్డ సలహా కూడా మంచిగానే వినబడుతుంది. "మోకాలి లోతే తల్లీ, పద" అన్నాడు బయ్యన్న.

గోరింట ఆ మాట నమ్మి నిబ్బరంగా అడుగేసింది. అందుతుందనుకున్న చోట నేల అందలేదు. బోర్లా పడింది, మునిగింది, నీళ్ళు మింగింది, బండకు కొట్టుకుని భుజం చీరుకుంది. బయ్యన్న మూటను నెత్తికెత్తి పట్టుకుని దాని జూలు వదల్లేదు. ఎలాగో అవతలి గట్టెక్కారు. మందు అందింది, ముగ్గురు పిల్లలూ కోలుకున్నారు. గూడెమంతా బయ్యన్నను ఆకాశానికెత్తింది. గోరింట మాత్రం ఒకే ఒక్క మాట అడిగింది.

"లోతని చెప్పినా దిగేదాన్నే కదా, బయ్యన్నా?"

అతనికి తల కొట్టేసినట్టయింది.

మర్నాటినుంచి అతను చదునైన నేల అని చెప్పినా గోరింట గిట్టతో తట్టి చూసుకునేది. దారి బాగుందన్నా ముక్కు నేలకు ఆనించి వాసన చూసేది. పూట ప్రయాణానికి రెండు రోజులు పట్టేది. అలిగిందనుకునేరు, అలకైతే బతిమాలితే తీరుతుంది. బయ్యన్న ఒట్లు వేశాడు, బెల్లం పెట్టాడు, ఒకసారి విసుగొచ్చి కసిరాడు కూడా. ఏదీ పని చేయలేదు. దాని తప్పేమీ లేదని అతనికి తెలుసు, అందుకే ఇంకా బాధ.

చివరికి ఎక్కి కూర్చోవడమే మానేశాడు. పగ్గం పట్టుకుని తను ముందు నడిచేవాడు. రాళ్ళ మీద ముందు అతని కాలు, బురదలో ముందు అతని కాలు. అతను అడుగేసిన చోటే గోరింట అడుగేసేది. చూసినవాళ్ళు, గుర్రముండి కూడా కాళ్ళరగదీసుకునే వెర్రిబాగులవాడని నవ్వుకున్నారు. బయ్యన్న పట్టించుకోలేదు. అలా ఏడాది నడిచాడు.

మళ్ళీ వానలొచ్చాయి. ఈసారి నడిమి గూడెంలో ఒక బాలింత ప్రాణం మీదికొచ్చింది. వాగు పోయినేటికన్నా ఉరవడిగా ఉంది. బయ్యన్న నడుము లోతు దాకా దిగి, నిలవలేక వెనక్కొచ్చాడు. నడిచి దాటడం అతని వల్ల కాదు. దాటిస్తే గోరింటే దాటించాలి. నీళ్ళెలా ఉన్నాయని అది అడిగింది.

"నీ మెడ దాకా వస్తాయి. నడుమ ఏముందో నాకు కనబడటం లేదు. నాకూ భయంగానే ఉంది తల్లీ. నువ్వు వద్దంటే బలవంతపెట్టను" అన్నాడు బయ్యన్న.

గోరింట చాలాసేపు నీటి హోరు వింటూ నిలబడింది. తర్వాత మెల్లగా పక్కకు తిరిగి, అతనికి వీపు అందించింది.

"ఎక్కు" అంది.

బయ్యన్న ఏడుస్తూనే ఎక్కాడు. వాగు పొడుగునా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, తెలియని చోట తెలియదన్నాడు. పొద్దు వాలకముందే మందు బాలింతకు అందింది. ఆ దారంతా గోరింట ఎక్కడా ఆగి తడుముకోలేదు.

నీతి: మనల్ని నమ్మినవాళ్ళకు మంచి కోసమైనా అబద్ధం చెప్పకూడదు. మాటతో పోగొట్టుకున్న నమ్మకాన్ని నడతతోనే తిరిగి సంపాదించుకోవాలి.