కాటుకత్త పెట్టిన ఎంగిలిముద్ద

"మేసేది నేనంట, మింగేది నేనంట,
కడుపులో పొయ్యి రాజేసేది..."

ఎవరంట? ఆ ముక్క మాత్రం బొల్లావుకి గుర్తు రాదు. తను దూడగా ఉన్నప్పుడు అమ్మ మూతి నాకుతూ పాడిన పాట అది. ఇప్పుడు తనకే ఓ దూడ పుట్టింది. దాన్ని నాకుతూ ఆ రెండు ముక్కలే తిప్పి తిప్పి పాడుతుంటే, కొట్టం వెనక పొదలోంచి నక్క తల బయటపెట్టింది. చూపు దూడ మీదే. ఆవు కొమ్ములు చూసి మాత్రం అక్కడే ఆగింది.

"ఏం వదినా, చిక్కిపోయావు?"

"నా సంగతికేంలే. బుజ్జిదానికి పాలు చాలడం లేదు."

"ఎలా చాలుతాయి! మేత నీది, తినేది పరాయివాళ్ళు. ఇందాక బర్రున త్రేన్చావు, విన్నావా? కంటికి కనబడని పురుగులు నీ కడుపులో దూరి కాపురం పెట్టాయి. దొంగలమంద!"

తల్లి గుండె కదా, జారింది. "మరెలా మరిదీ?"

"బీడులో పాపరకాయలున్నాయిగా, కడుపునిండా తిను. దొంగలంతా ఊడ్చుకుపోతారు. ఇక మేసిందంతా నీ దూడకే."

ఏ పశువూ మూతి పెట్టని చేదుకాయలవి. బొల్లావు కళ్ళు మూసుకుని దూడ కోసం నమిలింది.

ఊడ్చుకుపోయిన మాట నిజమే. మర్నాటికి నెమరు ఆగిపోయింది. మేసిన గడ్డి మేసినట్టే కడుపులో రాయిలా కూర్చుంది. త్రేన్పు లేదు, పాలు లేవు. ఆవు కూలబడింది. దూడ ఎండిన పొదుగుని కుమ్మి కుమ్మి ఏడుస్తోంది. పొదలో నక్క మూతి నాక్కుంటోంది.

కొట్టంలో ఉండే ముసలిగేదె కాటుకమ్మ వచ్చి ఆవు డొక్కకి చెవి ఆనించింది.

"ఏం తిన్నావే బొల్లీ? లోపల చప్పుడే లేదు. పొయ్యి ఆరిపోయింది."

"కడుపులో దొంగల్ని వెళ్ళగొట్టానత్తా. నక్క చెప్పింది."

"దొంగలా! ఓసి పిచ్చిదానా, గడ్డి అరిగించడం నీ వల్లా నా వల్లా అయ్యే పనేనా? వాళ్ళు పులియబెట్టి వండితేనే మనకి ఓపిక, మన దూడలకి పాలు. పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ నా నెమరు ఓ బొట్టు తీసి భూతద్దం కింద పెట్టి చూసింది. ఎంతసేపటికీ కన్ను తియ్యదే! 'ఒక్క బొట్టులో తిరునాళ్ళు జరుగుతున్నాయి' అంది. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు. వీళ్ళకి కూతైనా లేదు, పనే ఘనం."

బొల్లావు తల తిప్పి తన డొక్క వైపు చూసుకుంది. ఇన్నాళ్ళూ ఓ ఊరిని మోస్తూ తిరిగిందా తను! ఆ ఊరికి నేలా తనే, ఆకాశమూ తనే. అలాంటి ఊరినా పాడుపెట్టుకుంది?

గేదె తన నెమరుముద్ద తెచ్చి ఆవు ముందు పెట్టింది. "మింగు."

"ఛీ, ఎంగిలి!"

"ఎంగిలికి ఏడుస్తావా, దూడకి ఏడుస్తావా? విత్తనాలనుకో. మింగు."

మింగింది. ఆ తర్వాత ఇంకో ముద్ద, మరో ముద్ద. పొద్దు వాలేవేళకి కడుపులో ఎక్కడో గుడగుడ మొదలైంది, ఎవరో పొయ్యి ఊదుతున్నట్టు. బొల్లావు ఊపిరి బిగబట్టి వింది. మరిచిపోయిన ముక్క దానంతట అదే నోటికొచ్చింది: "...పొయ్యి రాజేసేది పేరు లేనివాళ్ళంట!"

అప్పుడే నక్క రావడం చూసి ఆవు కళ్ళు మూసుకుంది.

"పాపం, వదిన పోయింది" అంటూ నక్క దూడ మెడ మీదికి వంగిందో లేదో, ఆవు బర్రున త్రేన్చింది. నక్క ఉలిక్కిపడి దూకేలోపే కొమ్ము తగిలి, ఎగిరి పెంటకుప్పలో పడింది. పైకి చల్లగా ఉన్న కుప్ప లోపల కుతకుతలాడుతోంది.

"అమ్మో, కాలింది! ఇందులో నిప్పెవరు పెట్టారు?"

"నువ్వు దొంగలన్నవాళ్ళ చుట్టాలే మరిదీ! వైద్యుడివి కదా, కాపడం పెడుతున్నారు."

నక్క మళ్ళీ ఆ ఛాయలకి రాలేదు. దూడ పాలు తాగి బలిసింది.

ఆ చలికాలం కాటుకమ్మకి కాలం తీరింది. తల ఎత్తలేక పడుకుంటే బొల్లావు పక్కనే కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంది. ముసలిగేదె దానితో అన్న ఆఖరి మాట ఇది:

"ఏడవకే. నా కడుపులో ఊరు ఎప్పుడో నీ దగ్గరికి మారింది, నువ్వు నాకినప్పుడల్లా నీ దూడకీ చేరుతోంది. కంటికి ఆననివాళ్ళే మనల్ని నిలబెట్టేది తల్లీ, వాళ్ళ పొయ్యి ఆరనివ్వకు."