తుప్పు పట్టని చోటు

"ఇంజనైతే ఇదే నాయనా. నాది మాత్రం కాదు," అని లేచి వెళ్ళిపోయాడు ఏసురత్నం.

ఓబులేసుకి తల కొట్టేసినట్టయింది. గుంతకల్లులో మస్తాన్ ఉస్తాద్ దగ్గర రైలింజన్ల నమూనా బొమ్మలు చెయ్యడం నేర్చుకుంటున్నాడు. సొంతంగా చేసిన మొదటి బొమ్మ ఇది. ఏసురత్నం ఇరవై రెండేళ్ళు నడిపిన బొగ్గింజన్ని తుక్కు కింద కోసేశారు. తాను చివరిసారి దిగిన రోజు అదెట్లుందో అట్లే చేసిపెట్టమని అడిగాడు ముసలాయన.

మూడు నెలలు దాని మీదే కూర్చున్నాడు ఓబులేసు. అబ్బ, ఏం తుప్పు వేశాడని! బాయిలర్ మీద మసి, నీళ్ళు కారిన చారలు, మెట్లకూ కిటికీలకూ తుప్పు, ఆఖరికి లోపలి పిడులక్కూడా తుప్పు. చూసినవాళ్ళు వేలికి అంటుతుందేమోనని జంకేవాళ్ళు. అంత మురిసిపోయినవాడికి ఇప్పుడు ఏడుపొక్కటే తక్కువ.

"ఏం తక్కువైంది ఉస్తాద్? ఇంకా పాతగా చెయ్యాల్నా?"

ఉస్తాద్ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తుప్పు బాగానే వేసినావు బేటా. ఆ మనిషిని యాడ పెట్టినావు?"

ఉస్తాద్ ఫ్లాస్కులో టీ పోయించి చేతికిచ్చాడు. "పెద్దాయనకిచ్చి, పొద్దు వాలేదాకా పక్కన కూర్చోని రా. బొమ్మ సంగతి ఎత్తొద్దు."

వెళ్ళాడు. ఏసురత్నం టీ తాగాడు, బాగుందన్నాడు, అంతే. ఎడమ మోచెయ్యి ఇంటి కిటికీ అంచు మీద ఆనించి బయటికి చూస్తూ కూర్చున్నాడు. దూరంగా బండి కూసినప్పుడల్లా ఆయన కుడిచెయ్యి లేచి, గాలిలో దేన్నో పట్టుకుని మెల్లిగా లాగేది. ఆ సంగతి ఆయనకే తెలియదు.

తిరిగొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గుడ్డని కిరసనాయిల్లో ముంచాడు. బొమ్మ ఎడమ కిటికీ అంచు మీద, మోచెయ్యి ఆనేంత మేర తుప్పు తుడిచేశాడు. బండిని కదిలించే పిడిని తళతళలాడేదాకా రుద్దాడు.

మర్నాడు ఏసురత్నాన్ని బతిమాలి పిలుచుకొచ్చాడు. ముసలాయన వంగి, బొమ్మ కిటికీలోంచి లోపలికి చాలాసేపు చూశాడు. ఎడమ మోచెయ్యి దానంతటదే బల్ల అంచుకి ఆనింది.

"ఇంజన్‌కి నీళ్ళు పట్టినారా?" అన్నాడు, తల ఎత్తకుండానే.



"పట్టినాం సార్," అన్నాడు ఉస్తాద్. "సిగ్నల్ పడింది. మీదే ఆలస్యం."