పదికి ముందు పదమూడు

వెంకటశివుడు మాస్టారు ధర్మవరంలో ఒక చిన్న గదిలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే సి భాష నేర్పేవారు. ఒకే ప్రశ్న మూడోసారి వింటే బోర్డు తుడిచేసి చెప్పులు వేసుకోవడం ఆయన అలవాటు.

ఆ రోజు మూడోసారి అడిగింది హిమజ. "ఫైలు ఫైలే కదా సార్. అక్షరాలకొక పద్ధతి, ఉన్నదున్నట్టు రాయడానికి ఇంకో పద్ధతి ఎందుకు? ఎలా తెరిచినా మన ల్యాబులో ఒకేలా వస్తోంది."

"మన ల్యాబులో" అన్నారు మాస్టారు విసుగ్గా. "పొద్దున కుళ్లాయప్ప ఫోన్ చేశాడు. పద."

కుళ్లాయప్ప పట్టుచీరలు నేస్తాడు. చీర అంచు బొమ్మను సంఖ్యలుగా మార్చి మగ్గానికి అందించే ప్రోగ్రాము రాసి, ఆయన ఇంటి కంప్యూటర్లో పెట్టింది హిమజే. ఏ దారాలు లేవాలో ఆ సంఖ్యలే మగ్గానికి చెబుతాయి.

మగ్గం మీద నెమలి ముక్కు, మెడ బాగానే ఉన్నాయి. అక్కడి నుంచి ఒళ్లు పక్కకు జరిగింది, తోక మరీ జరిగింది. కుళ్లాయప్ప సూదితో జరీ పోగులు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. విప్పిన జరీ నలిగి, మళ్లీ నేతకు పనికిరాకుండా పక్కన పడి ఉంది.

"రెండు దినాల్నుంచి ఇదే పని" అన్నాడు తలెత్తకుండా. "మగ్గం తప్పేమోనని ఊడదీసి బిగించినా. పోగులు మార్చినా. మళ్లీ అట్లనే వస్తాంది. నేనిచ్చిన బొమ్మలో లేనిది ఏం కలిపినావమ్మా నువ్వు?"

"నేనేం కలపలేదు పెద్దనాయనా."

మాస్టారు ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, అసలు బొమ్మ ఫైలునూ మగ్గానికి వెళ్లిన ఫైలునూ సంఖ్యలుగా పక్కపక్కన తెరిపించారు. బొమ్మలో పది ఉన్న ప్రతిచోటా, రెండో ఫైలులో దాని ముందు ఒక పదమూడు వచ్చి కూర్చుంది. అక్షరాల పద్ధతిలో తెరిస్తే ఆ కంప్యూటర్ లెక్కలో పది అంటే లైను ముగిసినట్టు. అప్పుడు దాని ముందు పదమూడును తనే చేరుస్తుంది; ల్యాబులోని కంప్యూటర్లు వేరే రకం, వాటికి ఈ అలవాటు లేదు. చేరిన ప్రతిసారీ తర్వాతి సంఖ్యలన్నీ ఒక్కో గడి జరిగాయి.

హిమజ చాలాసేపు ఆ పదమూళ్లనే చూసింది. ఫైలు తెరిచే చోట, ఉన్నదున్నట్టు రాయమని చెప్పే 'బి' అక్షరం చేర్చి, ఫైలు మళ్లీ తయారుచేసింది. తర్వాత వెళ్లి కుళ్లాయప్ప పక్కన కూర్చుని ఇంకో సూది తీసుకుంది. ఆయన వద్దనలేదు.

"పదిని లైను చివర అనుకుంది సార్ అది" అంది కాసేపటికి, పోగు విప్పుతూ.

"అనుకోవద్దని దానికి ఎవరు చెప్పాలమ్మా?" అన్నారు మాస్టారు.