కోళ్ళతో ఆడే మాట

మా మంగ్లు గురువుకి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి పెద్ద ప్రశ్న వేస్తే ఆయన జవాబు చెప్పేవాడు కాదు. వాళ్ళు చెప్పినంతసేపూ తుడుము డప్పు మీది తోలును వేలితో తట్టి చూసుకుంటూ కూచుని, చివర్న తల ఎత్తి, "ఇయ్యాల మీ ఇంట్లో ఏటి వండినారు?" అని అడిగేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు దీన్ని ముసలాడి కక్కుర్తి అనుకునేవారు. నేను అలా ఎప్పుడూ అనుకోలేదు. ఆయన దగ్గర ఆ డప్పు వాయించడం నేర్చినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. తరవాత వచ్చినవాళ్ళు ఏమి చెప్పుకు తిరిగినా ఆ సంగతి మారదు.

ఆయన శిష్యుల్లో ఆఖరివాడు నా మేనల్లుడు దొన్ను. వాడు అడిగిన ప్రశ్న గురించే ఇప్పుడు చెప్పబోయేది.

మాది కొండల నడుమ గదబల గూడెం. ఇళ్ళలో ఆడుకునేది గదబ మాట. కిందికి, సంతకి దిగితే తెలుగు. ఆ ఏడు సర్కారు వాళ్ళు మా మాటను నిలబెడతామని కొంత డబ్బు తీసిపెట్టారు. దానితో బడిలో గదబ నేర్పే మేష్టర్ని పెట్టాలా, ఇంకేమైనా చెయ్యాలా అని సంత మైదానంలో షామియానా వేసి అందరినీ పిలిచి అడిగారు. మేష్టరు కావాలని ముందు నిలబడి వాదించినవాడు దొన్ను. చదువుకున్నవాడు, నోరున్నవాడు, మాట పోతే మనిషి పోయినట్టేనని నమ్మినవాడు.

పట్నం నుంచి వచ్చిన ఒకాయన, మేష్టరు ఎందుకు, అద్దాల బీరువాలు పెట్టి ఒక హాలు కట్టండి, మీ పాటలన్నీ రికార్డు చేసి దాచుతాం అన్నాడు. ఇంకొకాయన, పోయే ప్రాణానికి సెలైను ఎక్కించడం దండగ అన్నాడు. ఇద్దరికీ కుర్చీలు వేశారు. నాకు వెయ్యలేదు. నిలబడి విన్నాను కనక కూచున్నవాళ్ళకంటే బాగానే విన్నాను.

అప్పుడు మా గూడెం వాడే, జగ్గు, లేచాడు. వీడు ఒకప్పుడు నా ఎద్దును దుక్కికి తోలుకెళ్ళి కుంటిదాన్ని చేసి తెచ్చినవాడు. అది నేను మరవలేదు. అయినా ఆనాడు వాడు అన్నది ఉన్నది ఉన్నట్టే చెప్పాలి.

"నా పెళ్ళాన్ని నొప్పుల్తోటి డోలీలో పెట్టి వాగు దాటించినాను. నువ్వే భాషోడివిరా అని ఆ వాగు నన్నడగలేదు. ఆ డబ్బుల్తో వంతెన కట్టండి," అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. వాడు అక్కడితో ఆగినా బాగుండేది. దొన్ను వైపు తిరిగి, "ఏరా బావా, నీ కూతురికి నాలుగేళ్ళొచ్చినాయి. గదబలో ఒక్క ముక్క రాదు. నీ పొయ్యి కాడ నేర్పలేనోడివి, సర్కారు జీతం పెట్టించి ఊరందరికీ నేర్పిస్తావా?" అన్నాడు. ఈసారి జనం నవ్వారు. దొన్ను కూలబడ్డాడు. ఏ సంగతీ వచ్చే సంతనాడు తేల్చుదామని సర్కారు ఆఫీసరు లేచిపోయాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ షామియానా కింద సగానికి పైగా గదబలమే ఉన్నాం. అయినా ఆ రోజు వాదమంతా తెలుగులోనే సాగింది. ఆఫీసరు మాకు చుట్టం లెక్క. చుట్టం ఎదట చుట్టానికి తెలియని మాట ఆడకూడదన్నది మా గూడెం మర్యాద. ఆడితే, తమనే తిడుతున్నారని వాళ్ళు మనసులో పెట్టుకుంటారు. ఈ మర్యాద మా నాన్న నాకు నేర్పాడు, నేను గూడేనికి నేర్పాను. తప్పినవాణ్ణి ఊరికే వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే దొన్ను గురువు దగ్గరికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"గురువా, జగ్గుగాడు అన్నది నిజమే. నా బిడ్డకి మన మాట లేదు. నేనేటి సెయ్యలేదు సెప్పు? పాటలు పాడినాను, పలక మీద రాసి సూపించినాను. నాన్న పాఠం ఎత్తినాడని లేసి పారిపోతాది. అందుకే మేష్టరు కావాలన్నాను. ఆ డబ్బొస్తే నా కూతురికి మన మాట దక్కుద్దా, దక్కదా? ఉన్నమాట సెప్పీ. దక్కదంటే వచ్చే సంతనాడు నేను నోరిప్పను. వంతెనకే ఇచ్చీమంటాను."

పిల్లదంటే వాడికి ప్రాణం. తన మాట తెలియకుండా అది పెద్దదైపోతే, తను పోయాక తన పేరు చెప్పుకుని ఏడవడానికి కూడా వేరే వాళ్ళ మాట తెచ్చుకోవాలి కదా అని ఒకసారి నాతోనే అన్నాడు.

గురువు తోలు తట్టి చూసుకున్నాడు. "ఇయ్యాల మీ ఇంట్లో ఏటి వండినారు?"

"సామన్నం. సిక్కుడు గింజల పులుసు."

"ఎండు సేపలు లేవా?"

"ఉన్నాయి."

"అయితే పద. మీ మేనమావని కూడా రమ్మను. ఆణ్ణి పిలవలేదంటే ఏడాది పొడుగునా సెప్పుకు తిరుగుతాడు."

నేను ఆ మాట పట్టించుకోకుండా వెళ్ళాను. గురువు కోసం వెళ్ళాను.

దొన్ను తల్లి సుక్రి నా చెల్లెలు. దొన్ను పెళ్ళాం వరహాలు పల్లపు ఊరి పిల్ల, తెలుగువాళ్ళ పిల్ల. సంతలో చూసి, మనసుపడి చేసుకున్నాడు. ఆ పెళ్ళిలో వాళ్ళవాళ్ళు నాకు రెండో బంతిలో ఆకు వేశారు. అది ఆ పిల్ల చేసింది కాదు కనక ఆమెను నేను ఏనాడూ ఏమీ అనలేదు. ఇక సుక్రి సంగతి చెప్పనక్కర్లేదు. కోడలి మీద ఒక్క కసురు లేదు, ఒక్క విసురు లేదు. ఆమె గుమ్మంలో అడుగు పెడితే చాలు, నోట్లో ఉన్న గదబ మాటను సగంలో మింగేసి తెలుగు ఎత్తుకునేది. మర్యాదంటే అదీ అని గూడెంలో మిగతా ఆడవాళ్ళకు నేనే చెప్పేవాణ్ణి.

మేము వెళ్ళేసరికి సుక్రి వాకిట్లో కోళ్ళకు నూకలు చల్లుతోంది. గింజలన్నీ తనే తినేస్తున్న ఎర్రపెట్టను గదబలో దాని తల్లిదాకా తిడుతోంది. లోపల్నుంచి వరహాలు నీళ్ళ చెంబుతో రాగానే, "గురువుగారొచ్చారమ్మా, కాళ్ళకి నీళ్ళియ్యి," అని తెలుగులోకి వచ్చేసింది.

ముగ్గురమూ కూచున్నాం. వరహాలు లోపల గిన్నెలు సర్దుతున్నంతసేపు మేము గదబలోనే పంటల సంగతి మాట్లాడుకున్నాం. ఆమె పులుసు గిన్నెతో రాగానే నేనూ, దొన్నూ, సుక్రీ ముగ్గురమూ ఒక్కసారే తెలుగుకి మారాం. ఎవరూ ఎవరికీ సైగ కూడా చెయ్యలేదు. అంత అలవాటు.

గురువు మారలేదు. ఆకు వైపు చూస్తూ, వరహాలుతో గదబలో అన్నాడు: "అమ్మీ, పులుసులో ఉప్పు మరిచిపోయావు."

మా చేతులు ఆగిపోయాయి. సుక్రి కంగారుగా తెలుగులో, "ఉప్పు సాల్లేదంటన్నారమ్మా, అంతే, ఇంకేటీ అన్లేదు," అంది. గురువు చెయ్యెత్తి ఆపాడు. మళ్ళీ వరహాలు వైపే తిరిగి, మళ్ళీ గదబలోనే, "ఉప్పు మరిచిపోయావు," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. గురువైతే మాత్రం? "బయట్నించి వచ్చిన పిల్లని తెలీని మాటతో నిలబెట్టి అడుగుతావేటి గురువా! ఇది మన పద్ధతేనా?" అన్నాను. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. జవాబు కోసం కూచున్నాడు.

వరహాలు తల వంచుకుని గరిటెతో పులుసు ఒకసారి కలిపింది. తరవాత గదబలో అంది:

"ఉప్పు సరిగానే ఉంది తాతా. నీ నాలుకే ముసలిదైపోయింది."

గురువు గట్టిగా నవ్వాడు. మాకు నవ్వు రాలేదు. ఆమె గదబ చక్కనిదని నేను చెప్పను. కొండ ఎక్కడం రానివాడి నడకలా ఉంది, మాటమాటకీ ఆగుతూ, పల్లపు సాగదీతతో. సరిదిద్దుదామని నేను నోరు తెరిచాను. "ఈయనకి ఇంకో గరిటెడు అన్నం పెట్టమ్మా," అన్నాడు గురువు, మళ్ళీ గదబలోనే. ఆకు నిండా వచ్చి పడింది. అంత అన్నం ఎదట పెట్టుకుని ఎవరికీ ఏమీ నేర్పలేం.

దొన్ను మొహం తెల్లబోయింది. "నీకొచ్చా? ఎప్పట్నించే?" అన్నాడు తెలుగులో.

"ఎప్పట్నించో."

"మరి సెప్పలేదేటి?"

"నన్నెవలడిగినారు?" గరిటె గిన్నెలో పెట్టి వరహాలు తలెత్తింది. "అత్త కోళ్ళతోటి మాటాడతాది, దూడతోటి మాటాడతాది. కుండ పగిల్తే కుండని తిడతాది. అదంతా మీ మాటే. గోడ ఇవతల నేను ఇంటానే ఉన్నాను. నేను గుమ్మంలోకి వచ్చీసరికి అందరూ తెలుగైపోతారు. మా కన్నోరింట్లోనా ఇంతే. ఇంటోళ్ళతోటి ఎలాగోలా మాటాడీసి, సుట్టమొస్తే మంచిగా మాటాడతారు. ఈ ఇంట్లోన కోళ్ళు ఇంటివి, నేను సుట్టాన్ని. మీరు నాకే మాటిచ్చినారో, అదే పిల్లకిచ్చినాను."

"నీ మీద గౌరవంతోనే కదమ్మా..." అంది సుక్రి.

"తెల్సత్తా. పెళ్ళైన కాణ్ణించీ గౌరవమే తింటన్నాను."

సుక్రి నా వైపు చూసింది. చిన్నప్పట్నుంచీ ఏది తోచకపోయినా అది నా వైపే చూస్తుంది. నా నోట్లో అన్నం ఉంది.

ఇంతలో లోపల్నుంచి మాడు వాసన వచ్చింది. నిప్పుల మీద ఎండు చేపలు వేసి వరహాలు మరిచిపోయింది. ముందు పసిగట్టింది సుక్రే. కూచున్న మనిషి ఒక్కసారి లేచి, ఎర్రపెట్టను తిట్టిన గొంతుతోనే, గదబలో, కోడలి మీద విరుచుకుపడింది: "నిలబడి కబుర్లు చెప్తావేమే మొద్దు మొహమా! చేపలు బొగ్గైపోతున్నాయి, పరిగెత్తు!"

అనేసి, తను అన్నది తనకే వినిపించి, చేత్తో నోరు మూసుకుంది.

వరహాలు లోపలికి పరిగెత్తింది. వెళుతూ నవ్వుతోంది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఆ ఇంట్లో ఆమె అలా నవ్వగా నేను వినలేదు.

గడప మీద కూచుని దొన్ను కూతురు ఇదంతా నోరు తెరుచుకుని చూస్తోంది. నానమ్మ అమ్మను తిట్టడం అది పుట్టిన తరవాత ఇదే మొదలు. ఒకసారి నానమ్మను చూసింది, ఒకసారి వంటింటి వైపు చూసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, నానమ్మ లాగే తల ఊపుతూ, "మొద్దు మొహమా! పరిగెత్తు!" అని అరిచింది. గదబలో. ఒక్క అక్షరం పోకుండా. ఆ పలుకులో తప్పు పట్టడానికి నాకే ఏమీ దొరకలేదు.

దొన్ను చెయ్యి ఆకులోనే ఉండిపోయింది.

మా మర్యాద తప్పని నేను ఇప్పటికీ ఒప్పుకోను. చుట్టానికి చెయ్యవలసిన మర్యాద అదే. ఆ ఇంట్లో ఎవరు చుట్టమో చూసుకోవడంలో పొరపాటు జరిగితే జరిగి ఉండవచ్చు. అది ఆ ఇంటివాళ్ళు చూసుకోవలసినది.

గురువు మాడిన చేపలే అడిగి పెట్టించుకుని, బొగ్గు గీకి తిన్నాడు. చెయ్యి కడుక్కుని వాకిట్లోకి వచ్చాడు. దొన్ను వెనకే వచ్చాడు. వరహాలు గుమ్మంలో నిలబడి ఉంది. వాడు ఆమెను చూశాడు, చూసి కూడా గదబలోనే అడిగాడు: "మరైతే గురువా, సంతనాడు నన్ను ఏమనమంటావు? ఆ డబ్బు వద్దనమంటావా?"

"వద్దెందుకు? గట్టిగా అడుగు. మేష్టరుకీ అడుగు, వాగు మీద వంతెనకీ అడుగు. జగ్గుని పక్కన నిలబెట్టుకుని మరీ అడుగు."

తువ్వాలు భుజాన వేసుకుని నాలుగు అడుగులు వేశాడు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి వెనక్కి తిరిగాడు.

"ఆ వచ్చే మేష్టరు ఒకనాడు మీ అరుగు మీద కూచుంటాడు. అప్పుడు మీ అమ్మ ఆయనతో ఏ మాట ఆడుతుందో, అది కనుక్కుని వెళ్ళు సంతకి."