ఉమ్మడి గోడ మీద గది

పోతురాజు మేస్త్రీ అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ఇంజనీరింగు చదివి, పాత ఇళ్ళ సున్నపు పని నేర్చుకోవడానికి ఆయన దగ్గర చేరిన హైమవతికి ఆ సంగతి తెలుసు. అయినా ఒకరోజు ఒక ప్లాను తెచ్చి ఆయన ముందు పరిచింది. నూరేళ్ళనాటి వరస ఇళ్ళలో ఒకదాని మీద మేడగది వేయాలి. అభ్యంతరం లేదని పక్కింటివాళ్ళు రాసిచ్చారు.

"వాళ్ళే ఒప్పుకున్నాక ఇక మనం ఆలోచించాల్సింది ఏముంటుంది మేస్త్రీగారూ?" అని అడిగింది.

ఆయన ప్లానుకేసి చాలాసేపు చూసి, బందరులో తాను కట్టిన ఒక గది సంగతి చెప్పాడు.

పాత రేవుకు పోయే దారిలో ఒక సందు నిండా అలాంటి ఇళ్ళే. ఒకరింటి గోడే పక్కవారింటికీ గోడ. అందులో ఒక ఇంట్లో జకరయ్య అనే బడి మాస్టారు, భార్య రూతమ్మ, ముగ్గురు పిల్లలు ఉండేవారు. మాస్టారి చెల్లెలు జబ్బుచేసి పోవడంతో ఆమె పిల్లలిద్దరూ అక్కడికే వచ్చారు. ఉన్నవి రెండు గదులు. పెద్దమ్మాయి వంటింటి గడప మీద కూర్చుని పదో తరగతి చదువుకునేది. మేడ మీద గది వేయక తప్పలేదు.

ఉత్తరం పక్క ఇల్లు భద్రాచారిది. కలంకారీ బట్టల మీద అద్దే టేకు అచ్చులు చెక్కేవాడు. వెంట్రుకంత తీగ మెలిక కూడా ఆయన ఉలి కింద తప్పేది కాదు. ఇంటి మధ్య మండువాలో కూర్చుని పనిచేసుకునేవాడు.

ఒక సాయంత్రం జకరయ్య, పోతురాజు మేస్త్రీ కలిసి ఆయన గుమ్మంలోకి వెళ్ళారు. మాస్టారు అయిదుగురు పిల్లల పేర్లూ వరసగా చెప్పి, "మీరు కాదంటే మానేస్తాను ఆచారిగారూ" అన్నాడు.

భద్రాచారి కాగితం పూర్తిగా చదవనైనా లేదు. "పిల్లలు కాళ్ళు చాపుకుని పడుకోవద్దూ? కట్టుకోండి మాస్టారూ" అని సంతకం పెట్టాడు. లోపలికి రమ్మన్నా వాళ్ళు ఆగలేదు. మేస్త్రీ అప్పటికే మనసులో దూలాలు పేర్చుకుంటున్నాడు.

గది బాగా వచ్చింది. పాత పెంకులే వెతికి తెచ్చి కప్పారు. సందులో నిలబడి చూస్తే ఏది పాతదో ఏది కొత్తదో తెలిసేది కాదు. కొత్త గదిలో ప్రార్థన పెట్టుకున్న రోజున భద్రాచారి వచ్చి, కిటికీ చట్రం నిమిరి, చెయ్యి తిరిగిన పని అని మెచ్చుకున్నాడు. అవి ఎండాకాలపు రోజులు. సూర్యుడు నడినెత్తిన ఉండేవాడు.

కార్తీకం వచ్చేసరికి పొద్దు దక్షిణానికి ఒరిగింది. కొత్త గది నీడ భద్రాచారి మండువా మీద పడి, సాయంత్రం దాకా లేచేది కాదు. కొన్నాళ్ళు ఆయన ఆ మసకలోనే చెక్కాడు. తర్వాత వీధి అరుగు మీదికి మారాడు. అక్కడ దుమ్ము, బళ్ళ రొద. అద్దకంవాళ్ళు అచ్చులు తిప్పి పంపడం మొదలుపెట్టారు. పక్కపక్కన అద్దితే తీగ కలవడం లేదన్నారు. మాఘం నాటికి ఆయన అచ్చులు మానేసి పీటలు, అప్పడాల కర్రలు చేస్తున్నాడు.

ముందు కనిపెట్టింది రూతమ్మ. కూర ఇవ్వడానికి వెళ్ళి, సన్న ఉలులన్నీ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి ఉండటం చూసి, ఇంటికొచ్చి భర్త ముందు ఏడ్చింది. జకరయ్య మేస్త్రీకి కబురు చేశాడు. ముగ్గురు మగవాళ్ళూ ఆ మండువాలో నిలబడ్డారు.

"ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా ఆచారిగారూ?" అని అడిగాడు జకరయ్య.

"ఇరవయ్యేళ్ళు ఇక్కడే కూర్చున్నాను. తెలియకేం?"

"మరి చెప్పలేదేం?"

"అయిదుగురి పేర్లు చెప్పారు మాస్టారూ. ఆ తర్వాత నేనేం చెప్పను?"

"రేపే పడగొట్టించేస్తాను" అన్నాడు జకరయ్య.

పైనుంచి పెద్దమ్మాయి పాఠం పైకి చదువుకుంటున్న గొంతు వినిపిస్తోంది. భద్రాచారి అటు చెయ్యి చూపించి, "పిల్లకి పరీక్షలు" అన్నాడు. అంతే.

గది పడగొట్టలేదు. మేస్త్రీ ఎవరూ అడగకుండానే భద్రాచారి ఇంటి కప్పులో గాజు పెంకులు పెట్టాడు. మండువా గోడలకు రెండు పూతలు తెల్లసున్నం వేశాడు. కొంత వెలుతురు వచ్చింది. భద్రాచారి ఉలులు దించి రెండు నెలలు ప్రయత్నించాడు. మసకలో పాడైన కళ్ళు మళ్ళీ కుదురుకోలేదు. "నీ వెలుతురు వచ్చింది మేస్త్రీ, నా చూపే రావడం లేదు" అని నవ్వాడు. ఆ అమ్మాయి మంచి మార్కులతో పాసయింది. జకరయ్య మాత్రం ఆ మేడమెట్లు ఎక్కడం మానేశాడు.

"మండువా మీద నీడ పడకుండా ఆ గది వెనకాల పెరటి వైపు వేసి ఉండొచ్చా?" అని అడిగింది హైమవతి.

"వేసి ఉండొచ్చు. పని పదిరోజులు ఎక్కువ పట్టేది."

"మరి మీకప్పుడు తట్టలేదా?"

పోతురాజు మేస్త్రీ ప్లాను ఆమె వైపు జరిపాడు.

"ఒక్క పూట ఆ మండువాలో ఆయన పక్కన కూర్చుని ఉండాల్సిందమ్మా నేను" అన్నాడు.