చిటికెడు మట్టి

దబ్బ కొమ్మలకు వేళ్లు తెప్పించి, వాటిమీద బత్తాయి అంట్లు కట్టడంలో దొర తోటమాలి సూరాలుది మంచి చెయ్యి. నోరే ఆగదు. దొర బత్తాయిలు పులుపని ఆయన చుట్టాల ముందే అనేసింది.

దొరకు ఒళ్లు మండింది. "వానలు పడగానే నువ్వు నాటినవి పట్టుకుని ఊరు దాటు. నా మట్టి చిటికెడు కూడా నీ వెంట పోకూడదు!"

మట్టి దులిపితే లేతవేళ్లు తెగుతాయని ఆయనకు తెలుసు. సూరాలు దొర వంటింటివాళ్లు పారేసిన కొబ్బరిపీచు నానబెట్టి, దబ్బ కొమ్మలు అందులో గుచ్చింది.

వానలు పడ్డాక పొలిమేరలో ఆమె మొక్కల బుట్టను దొరే విదిలించాడు. పీచే రాలింది. మొక్కలకు తెల్లటి వేళ్లు గుత్తులుగా వేలాడుతున్నాయి. నల్లమట్టిలో తను నాటించిన కొమ్మలన్నీ కుళ్లిపోయాయని గుర్తొచ్చి, దొర గొంతు తగ్గింది.

"ఉండిపోవే, సూరాలూ."

"వేళ్లు రావడానికి పీచు చాలింది దొరా. నిలబడాలంటే నాకూ మట్టి కావాలి. ఈసారి చిటికెడు చాలదు."