కొమ్ముకు పట్టినంత

గిడ్డయ్య పెళ్లాం పుట్టింటికి పోయి మూడు వారాలైంది. కారణం చెబితే మీరు నవ్వుతారు గానీ, అతనికి మాత్రం నవ్వు రావడం లేదు. ఇంట్లో తుపాకి మందు ఎంత ఉంచుకోవాలన్నది మొగుడూ పెళ్లాల మధ్య తెగలేదు.

అతని చేను నల్లమల కొండ అంచున ఉంది. వేరుశనగ కాయ పట్టిందంటే చాలు, అడవిపందులు గుంపులుగా దిగుతాయి. వాటికోసం తాతల నాటి తుపాకి ఒకటుంది, లైసెన్సుతో సహా. గొట్టంలో మందు పోసి, కడ్డీతో దట్టించి, ఒక్కసారి పేల్చడమే. మళ్లీ దట్టించే లోపల పందులు సగం కొండ ఎక్కేసి ఉంటాయి. అయినా ఆ ఒక్క మోతకే అవి మూడు నాలుగు రోజులు ఇటు రావు.

నాలుగేళ్ల కింద ఒకసారి మందు అయిపోయింది. టౌనులో కొట్టుకు పోతే సరుకు లేదన్నారు. వారం తిరిగేసరికి పందులు చేనంతా కుళ్లగించి పెట్టాయి. ఆ ఏడు గిడ్డయ్య పరాయి చేలల్లో కూలికి పోయి బతికాడు. అప్పట్నుంచి టౌనుకు పోయినప్పుడల్లా ఇంత మందు తేవడం, డబ్బాకెత్తడం. ఒక డబ్బా రెండైంది, రెండు నాలుగయ్యాయి. చెమ్మ తగలకూడదు కదా, నాలుగింటినీ తీసుకుపోయి పొయ్యికి నేరుగా పైనున్న అటక మీద పెట్టాడు. తెలివంటే అదీ.

సుంకులమ్మ మొదట నాలుగుసార్లు చెప్పి చూసింది. తర్వాత చెప్పడం మానేసి, పొయ్యిరాళ్లు మూడూ మోసుకుపోయి వాకిట్లో పెట్టుకుంది. వానలు మొదలయ్యాయి. తడికట్టెల పొగకు చంటిబిడ్డకు దగ్గు పట్టుకుంది. ఒకరోజు పొద్దున్నే బట్టలు మూటగట్టి, బిడ్డను చంకనేసుకుని, "ఎంత ఉంచుకుంటావో తేల్చుకో. తేలినాకనే నా కోసం రా" అని చెప్పి వెళ్లిపోయింది.

తేల్చుకోవడానికి గిడ్డయ్య తక్కువ తంటాలు పడలేదు. పొద్దున ఒక డబ్బా చాలనుకునేవాడు. మధ్యాహ్నానికి రెండుంటే మేలనిపించేది. సాయంత్రం ఒకసారి కొండవైపు చూశాడంటే మళ్లీ నాలుగూ కావాల్సిందే.

చివరికి బుడన్ సాహెబు దగ్గరికి పోయాడు. కొండ కింద దర్గాను చూసుకునే ముసలాయన. పడుచుతనంలో చుట్టుపక్కల పేరుమోసిన వేటగాడు, ఆ తర్వాత తుపాకి గోడకు తగిలించి పీరు సేవలో పడ్డాడు. గిడ్డయ్య ఆరేళ్లుగా ఆయన శిష్యుడు. ప్రతి గురువారం పోయి, సాహెబు చేత్తో ఊదుపొగ వేయించుకుని, చెప్పిన పని చేసి వస్తాడు. తుపాకి సంగతీ సంసారం సంగతీ రెండూ తెలిసిన మనిషి ఇంకెవరున్నారు?

"సామీ, ఇంట్లో మందు ఎంత ఉంచుకోవల్ల?"

సాహెబు తసబీ పూసలు తిప్పుతూనే అడిగాడు. "ఇప్పుడెంత ఉంది?"

"నాలుగు డబ్బాలు. లైసెన్సు కాగితంలో రాసిన హద్దు దాటలేదు సామీ."

"కాగితం మీ వంటిల్లు చూసినట్టు లేదే. పోయిన పంటకు ఎన్నిసార్లు కాల్చినావు?"

గిడ్డయ్య గొంతు తగ్గింది. "ఏడుసార్లు."

"ఊఁ" అన్నాడు సాహెబు. "రేపు గురువారం గదా. నాలుగూ తీసుకురా."

గిడ్డయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఆయన కళ్లారా చూసి, ఇది ఉంచు, ఇది తీసెయ్యి అని చెబుతాడు, ఇంతటితో పీడ వదులుతుందనుకున్నాడు.

మరునాడు తెల్లారినప్పట్నుంచీ ఒకటే వాన. డబ్బాలు ట్రంకుపెట్టెలో సర్ది, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, నెత్తిన పెట్టుకుని రెండు మైళ్లు నడిచొచ్చాడు. సాహెబు పెట్టె మూత కూడా తీయమనలేదు.

"ఈ పూటంతా దీన్ని విడిచి నువ్వు కదలగూడదు. యాడికి పోయినా ఎత్తుకొని పో" అన్నాడు.

"అంతేనా సామీ?"

"అంతే."

ఇదొక పనా అనుకున్నాడు గిడ్డయ్య. దర్గా వసారాలో సాహెబు భార్య మాబుబీ పెద్ద పొయ్యి వెలిగించి కిచిడీ వండుతోంది. గురువారం వచ్చినవాళ్లందరికీ తిండి అక్కడే. నలభై మంది దాకా ఉన్నారు, తడిసిన వాళ్లంతా పొయ్యి చుట్టూ చేరి చేతులు కాచుకుంటున్నారు. గిడ్డయ్య పెట్టెతో అటు నాలుగడుగులు వేశాడో లేదో, మాబుబీ గరిటె అడ్డం పెట్టింది.

"అందులో ఏముందప్పా?"

"తుపాకి మందమ్మా."

"అట్లయితే అవతల సావిట్లో కూసో నాయనా."

సావిడి ముప్పై అడుగుల దూరంలో ఉంది. సగం పెంకులు ఊడిపోయి, ఒక మూల మాత్రమే పొడిగా ఉంది. ఆ మూలలో పెట్టె పెట్టుకుని, దాని పక్కనే కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

ఊదు వేళయింది. సాహెబు మట్టి మూకుడులో నిప్పులు పోసి, ఊదు చల్లి, నెమలీకల కట్టతో ఒక్కొక్కరి మీదికీ పొగ విసురుతూ వచ్చాడు. వసారా చివరిదాకా వచ్చి ఆగాడు. చేతిలో నిప్పుల వంకా, సావిట్లో పెట్టె వంకా చూసి, వెనక్కి మళ్లాడు. ఆరేళ్లలో గిడ్డయ్యకు ఊదు అందని గురువారం అదొక్కటే.

కాసేపటికి మాబుబీ గోనెసంచి తల మీద కప్పుకుని, వానలో అడుగులో అడుగేసుకుంటూ అతనికి గిన్నె తెచ్చింది. కిచిడీలో కిచిడీ ఎంతో వాననీళ్లూ అంతే.

"చల్లారిపోయింది. ఏం చేద్దాం నాయనా, నువ్వింత దూరముంటివి" అని, తడిసిన కొంగు పిండుకుంటూ వెళ్లింది.

నాలుగు ముద్దలు తినేసరికి గిడ్డయ్యకు పళ్లు టకటకలాడాయి. ఇక ఓర్చుకోలేక అక్కణ్ణుంచే బేరం మొదలుపెట్టాడు.

"సామీ, రెండు డబ్బాలు ఈడ్నే వదిలేసి, రెండే తెచ్చుకుంటా. పొయ్యి కాడికి రావచ్చా?"

సాహెబు మాబుబీ వైపు తిరిగాడు. "రానిస్తావా?"

"నన్నడుగుతారేంది, నిప్పునడగండి" అంది ఆమె.

వసారాలో అందరూ నవ్వారు. గిడ్డయ్యకు ఒళ్లు మండింది, కానీ ఆ మంటకు చలి తగ్గలేదు.

సాహెబు లేచి నీళ్ల బిందె ఎత్తుకున్నాడు. "జరగండప్పా. మన గిడ్డయ్య పెట్టెను వదల్లేడు. పాపం, చలికి వణుకుతుండాడు. మనమే పొయ్యి ఆర్పుకుందాం, వాడొచ్చి మనతో కూసుంటాడు." అని బిందెను మంట మీదికి వంచబోయాడు.

పొయ్యి మీద రెండో విడత కిచిడీ ఇంకా ఉడుకుతోంది. ఆడవాళ్లూ పిల్లలూ తినాల్సింది అదే.

"వద్దు సామీ" అంటూ గిడ్డయ్య లేచి నిలబడ్డాడు. "పిల్లోళ్లు ఇంకా తినలేదు. నా పెట్టె కోసం ఇంతమంది పొయ్యి ఆర్పేదేంది?"

అనేశాక, ఆ మాట తన చెవికే గట్టిగా తగిలింది. సాహెబు బిందె వంచలేదు, దించనూ లేదు. అట్లాగే పట్టుకుని శిష్యుడి వైపు చూస్తూ నిలబడ్డాడు.

గిడ్డయ్యకు తన వాకిలి గుర్తొచ్చింది. వానలో గోనెసంచి కప్పుకుని, ఒక చంకన దగ్గే బిడ్డ, ఇంకో చేత ఊదుగొట్టంతో సుంకులమ్మ. లోపల పొడిగా పీట మీద కూర్చుని తను. "ఇంకా కాలేదా" అని ఎన్నిసార్లు కేకలేశాడో. ఒక్కరోజన్నా లేచిపోయి ఆ బిడ్డనైనా ఎత్తుకోలేదు. సిగ్గుతో అతను తలెత్తలేకపోయాడు.

గిడ్డయ్యే పెట్టె తెరిచాడు. సావిడి వెనక మట్టికోసం తవ్విన గుంట వాననీళ్లతో నిండి ఉంది. మొదటి డబ్బా అందులో కుమ్మరించాడు. రెండోది కుమ్మరించాడు. మూడోది కూడా పోయింది. నాలుగో డబ్బా మూత తీశాక చెయ్యి ఆగిపోయింది. కుళ్లగించిన చేను కళ్ల ముందు కనబడింది మరి.

ఎప్పుడొచ్చాడో, సాహెబు పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో మేకకొమ్ము, జానెడు కూడా లేదు, కొయ్య బిరడాతో.

"వేటాడినన్నాళ్లూ నేను మందు పోసుకున్నది దీంట్లోనే" అని అందించాడు.

గిడ్డయ్య సావిడి కిందికి జరిగి, చినుకు పడకుండా పంచె అడ్డం పట్టి, కొమ్ము నింపాడు. అయిదుసార్లు కాల్చడానికి సరిపోతుందేమో. బిరడా బిగించి, డబ్బాలో మిగిలింది తీసుకుపోయి గుంటలో పోసేశాడు. ఈసారి చెయ్యి ఆగలేదు. తిరిగొచ్చాక మాత్రం ఉండబట్టలేక అడిగాడు.

"సామీ, ఇది అయిపోతే?"

సాహెబు వసారా వైపు చూశాడు. అక్కడ మాబుబీ పిల్లలకు వడ్డిస్తోంది.

"అయిపోయిన రోజు ఇంటికి పోయేవాణ్ణి" అన్నాడు.

గిడ్డయ్య కొమ్మును పెట్టెలో పెట్టి సావిట్లోనే వదిలి, వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు. మాబుబీ అతనికి వేడివేడిగా ఇంకో గిన్నె పెట్టింది. "డబ్బాలు పారేయొద్దప్పా. మంచెకు కట్టి వాయించు. పందికి ఏ మోతైతేనేం" అంది.

ఆ సాయంత్రం ఇల్లు చేరి, కొమ్మును పశువుల పాకలో తుపాకి పక్కన తగిలించాడు. వాకిట్లోని పొయ్యిరాళ్లు మూడూ ఒక్కొక్కటే లోపలికి మోశాడు. మట్టి మెత్తి కుదురు చేసి, నిప్పు పడుతుందో లేదో చూద్దామని నాలుగు పుల్లలు వెలిగించాడు. పొగకు కళ్లు నీళ్లు కారుతున్నా లేవలేదు.

తెల్లారి అత్తగారి ఊరు పోయాడు. సుంకులమ్మ గడప దిగలేదు.

"తేలిందా?"

"తేలింది. కొమ్ముకు పట్టినంత."

"యాడ పెట్టినావు?"

"పశువుల పాకలో."

ఆమె అతని చేతులకంటిన మసి వైపు చూసింది.

"పొయ్యి?"

"లోపల."

సుంకులమ్మ బిడ్డను అతని చేతుల్లో పెట్టి, బట్టలు మూటగట్టుకోవడానికి లోపలికి పోయింది.